గేటు దగ్గర ఆగనివి

కాలనీవాసులందరికీ,

'మా ఇల్లు, మా స్థలం, మీకెందుకు?' ఈ మాట మనలో అననివారు తక్కువ. గేటు లోపల మన ఇష్టమే, కాదనం. అయితే అక్కడ పడిన వాన, అక్కడ రేపిన పొగ, అక్కడ పెంచిన చేప గేటు దగ్గర ఆగవు.

ముందు వాన లెక్క చూడండి. నూరు గజాల వాకిలికి సిమెంటు చేయించాక రెండు సెంటీమీటర్ల వాన పడితే దాదాపు 1,670 లీటర్లు నేరుగా వీధిలోకి పోతాయి. అలాంటి ఇళ్లు వరసగా ఉంటే పల్లపు వీధివాళ్ల వంటింట్లోకే నీళ్లు. ఊళ్లు మునగడంలో చెరువుల కబ్జాలదే పెద్ద పాపం. మన వాకిళ్లు దానికి తోడవుతున్నాయి. ఏప్రిల్ రాగానే బోరు ఎండిందని ట్యాంకరుకు ఫోన్ చేసేదీ మనమే. ఇంకుడు గుంత చాలా ఇళ్లలో ఉంది. ప్లాను పర్మిషన్ కోసం తవ్వి, గృహప్రవేశానికి ముందే పైన టైల్స్ పరిచారు!

కారు చక్రాలు నడిచే మేర రెండు వరసల బండలు చాలు. మిగతాది మట్టిగా వదలండి. డాబా నీళ్ల గొట్టం దిగేచోట గుంత తవ్వి, అడుగున పెద్దరాళ్లు, పైన కంకర, ఆపైన దొడ్డు ఇసుక పోయండి. ఏటా వానలకు ముందు పై ఇసుక తీసి కడగండి.

ఎండాకాలమంతా నీళ్లు తాగే లాను బదులు మందారం, నందివర్ధనం, కరివేప పెట్టుకోండి. గోడ వెంట కోనోకార్పస్ మాత్రం వద్దు. సోమాలియా, యెమెన్ తీరాల నుంచి వచ్చిన ఆ మొక్కను నాటకూడదని గుజరాత్ ప్రభుత్వం 2023లోనే నిషేధించింది. రాలిన ఆకులకు నిప్పు పెట్టకండి. కూరగాయల తొక్కలు, కాస్త పేడ కలిపి తడి ఆరకుండా చూస్తే కొన్ని నెలల్లో నల్లటి ఎరువవుతుంది.

ఇక పెంపుడు జీవులు. అక్వేరియంలో పాచి తింటుందని సక్కర్ చేపను కొంటారు. అది జానెడు దాటగానే 'పాపం' అంటూ చెరువులో వదులుతారు. దక్షిణ అమెరికా చేప అది. ఒంటినిండా పెంకు, ముళ్లు. గట్లలో బొరియలు చేస్తుంది, వలలు చింపుతుంది. జాలర్లు దాన్ని దెయ్యం చేప అంటున్నారంటే ఊరికే కాదు. పెంచలేకపోతే కొన్న షాపులోనే ఇచ్చేయండి. రామచిలుకను పంజరంలో పెట్టడం, నక్షత్ర తాబేలును ఇంట్లో ఉంచుకోవడం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. మంచుదేశపు హస్కీకి రాత్రింబవళ్లు ఏసీ వేసే బదులు, వీధిలో పుట్టిన కుక్కపిల్లకు టీకాలు వేయించి పెంచుకోవచ్చు.

అన్నీ ఒకేసారి చేయమనడం లేదు. మృగశిర కార్తె లోపు ఇంటికి నాలుగు గజాల సిమెంటు లేపండి చాలు. గడ్డపార, మనిషి కావాలంటే సంఘం ఆఫీసులో పేరు రాయించండి. కూలి ఖర్చు అందరం కలిసి పెట్టుకుందాం.

ఇట్లు,
కాలనీ సంక్షేమ సంఘం