ఏనుగు చెవి వరకూ సరే, ఏనుగు మొత్తం వద్దు

ఫోను పట్టుకుని ఒక వస్తువు చుట్టూ తిరుగుతూ ఫోటోలు తీస్తే చాలు, దాని ఆకారం మొత్తం కంప్యూటర్లోకి వచ్చేస్తోంది. ఆ ఫైలు త్రీడీ ప్రింటర్‌కి ఇస్తే అదే ఆకారం ప్లాస్టిక్‌లో బయటికొస్తుంది. ఇదేదో ఇంజనీరింగ్ చదివే పిల్లల వ్యవహారం అనుకుని మనం పట్టించుకోలేదు గానీ, నెమ్మదిగా మన అటక దాకా వచ్చేసింది. ముఖ్యంగా బొమ్మల కొలువు పెట్టే ఇళ్లకి. ఏ బొమ్మని స్కాన్ చెయ్యాలి, దేన్ని చెయ్యకూడదు అన్నది ఆడవాళ్లం మనం ఒక మాట అనుకోవాలి. సంక్రాంతికో దసరాకో ఆ పెట్టెలు దింపేదీ, దులిపేదీ, విరిగినవి అతికించేదీ, ఈ ఏడు కొత్తగా ఏం కొనాలో చెప్పేదీ మనమే కదా.

నా మాట ముందే చెప్పేస్తాను. విరిగిన ముక్క కోసం స్కాన్ చెయ్యండి. ఇక ఎక్కడా దొరకని బొమ్మని తప్పకుండా స్కాన్ చెయ్యండి. ఇప్పటికీ ఎవరో ఒకరు కూర్చుని చేసి అమ్ముతున్న బొమ్మని మాత్రం కొనుక్కోండి.

మా ఇంట్లో కొండపల్లి అంబారీ ఏనుగు ఒకటుంది. ఎడమ చెవి లేదు. (ఎలా పోయిందని అడక్కండి, మా ఇంట్లో ఇద్దరు మగపిల్లలు.) ఫెవికాల్ పెట్టి అతికిద్దామంటే ఊడిన ముక్క ఎక్కడా కనపడలేదు. కానీ కుడి చెవి బాగానే ఉంది. దాన్ని స్కాన్ చేసి, అద్దంలో కనిపించినట్టు అటుదిటు తిప్పితే అదే ఎడమ చెవి! బ్లెండర్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌లో ఇది చిటికెలో పని అన్నాడు మా పెద్దాడు. ఆ చెవి ఒక్కటీ ప్రింట్ తీయించి, గరుకు కాగితంతో రుద్ది, రంగు వేసి అతికించాం. ప్రింట్లు తీసిచ్చే షాపులు గ్రాముల లెక్కన తీసుకుంటాయి కాబట్టి చెవికయ్యే ఖర్చు పెద్దదేమీ కాదు.

స్కాన్ చెయ్యడానికి ఖరీదైన ఫోనే అక్కర్లేదు. పోలీక్యామ్, కిరి ఇంజిన్ లాంటి యాప్‌లు మామూలు ఫోటోలతోనే పని చేస్తాయి. కావలసింది ఓపిక. ఎండ సూటిగా పడకూడదు, మబ్బు పట్టిన పగలు వరండాలో పెట్టుకుంటే బాగుంటుంది. బొమ్మ కింద న్యూస్‌పేపర్ పరవండి, ఆ అక్షరాలు యాప్‌కి గుర్తుల్లా పనికొస్తాయి. బొమ్మని కదపకుండా మనమే దాని చుట్టూ తిరగాలి. పైనుంచి ఒక చుట్టు, ఎదురుగా ఒక చుట్టు, కింద నుంచి ఒక చుట్టు. ఒక ఫోటోలో కనిపించింది చాలా వరకు పక్క ఫోటోలో కూడా కనిపించాలి. అరవై, డెబ్భై ఫోటోలు సులువుగా అవుతాయి. కెమెరాకి కనపడని చోట, అంటే అంబారీ కింద, కాళ్ల మధ్య, యాప్ ఊహించి నింపేస్తుంది, లేదా చిల్లులు వదిలేస్తుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, ఫోటోలకి కొలత తెలియదు. మీ ఏనుగు జానెడుందో నిలువెత్తుందో దానికి ఒకటే. పక్కన ఒక స్కేలో, పది రూపాయల బిళ్లో పెట్టండి. ఆ బిళ్ల అడ్డం కొలత 27 మిల్లీమీటర్లు, దాన్ని బట్టి మిగతాది సరి చూసుకోవచ్చు.

ఇత్తడి కుందులు, గాజు సీసాలు, నల్లగా నిగనిగలాడే విగ్రహాలు మాత్రం సరిగ్గా రావు. మెరుపు ప్రతి ఫోటోలో ఒక్కోచోట కనపడి యాప్ తికమక పడుతుంది. పాండ్స్ పౌడరు పల్చగా అద్దితే కొంత నయం. ఏటికొప్పాక లక్క బొమ్మలతోనూ ఇదే గొడవ. అవి మెరుస్తాయి, పైగా ఏ వైపు చూసినా ఒకేలా గుండ్రం. ఈ వంకన నగలు మాత్రం స్కాన్ చెయ్యకండి తల్లీ. బంగారం మెరుపుకి అవి ఎలాగూ రావు, పైగా చాలా యాప్‌లు ఫోటోలన్నీ వాళ్ల సర్వర్‌కి పంపించుకుంటాయి.

మా అత్తయ్యకి ఈ అతుకు నచ్చలేదు. "ఇన్నేళ్ల చెక్క బొమ్మకి ప్లాస్టిక్ చెవేమిటే?" అన్నారు. ఆవిడకి పోయిన ఏడాదే పన్ను కట్టించాం. డాక్టరుగారు నోట్లో బుల్లి కెమెరా లాంటిది తిప్పి, పంటి ఆకారం కంప్యూటర్లోకి ఎక్కించి, దాన్ని బట్టి చేయించిన పన్ను అది. "మీ పన్నూ ఏనుగు చెవీ ఒకే రకం అత్తయ్యా" అన్నాను. నవ్వారు గానీ ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోయినా ఏనుగు కొలువులో ముందు వరసలోనే నిలబడింది. ఒక్క జాగ్రత్త, ఎక్కువగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. దీపం దగ్గరగా పెట్టకండి. మే నెలలో రేకుల కింద అటక మీదా వద్దు.

ఇక అసలు పేచీ. డల్లాస్‌లో ఉన్న మా ఆడపడుచు ఫోన్ చేసి, "వదినా, మన దశావతారాల సెట్టు మొత్తం స్కాన్ చేసి ఫైళ్లు పంపించెయ్యి. ఇక్కడ లైబ్రరీలోనే ప్రింటర్ ఉంది. సూట్‌కేసులో తెచ్చుకుంటే ప్రతిసారీ ఏదో ఒకటి విరుగుతోంది" అంది. తన మాట కొట్టిపారేసేది కాదు. చీరల మధ్య చుట్టి పంపినా వామనుడి గొడుగు విరిగింది. పిల్లలు తెల్లటి ప్లాస్టిక్ బొమ్మలకి రంగులేస్తే వాళ్లకీ కొలువంటే ఇష్టం పుడుతుందంటుంది. పిల్లల ఆటకి ఒకటో రెండో అయితే నాకేం అభ్యంతరం లేదు.

సెట్టు మొత్తానికే నేను కాదన్నాను. ఆ దశావతారాలు చేసేవాళ్లు ఇప్పటికీ విజయవాడ పక్కనే కొండపల్లిలో ఉన్నారు. తెల్ల పొణికి కర్ర తెచ్చి ఆరబెట్టి, తలా మొండెం చేతులూ వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికి, సున్నం పూసి, రంగులు వేస్తారు. ఆ ఇళ్లలో చాలా చోట్ల ఆడవాళ్లు కూడా రంగుల పని చేస్తారు. ఇప్పుడు పొణికి కర్ర దొరకడమే కష్టంగా ఉంది. కొండపల్లి బొమ్మకి భౌగోళిక గుర్తింపు ఉంది. దానివల్ల వేరేవాళ్లు ఆ పేరు పెట్టుకుని అమ్మకూడదు. కానీ నా ఫోనులో నేను స్కాన్ చేసి డల్లాస్ పంపితే ఏ గుర్తింపు అడ్డుకుంటుంది? ఎవరూ చూడరు. ఒక సెట్టు తక్కువ అమ్ముడుపోతుంది, అంతే. ఒక ఫైలు వాట్సాప్‌లో పది ఇళ్లకి వెళ్తే పది సెట్లు తక్కువ. మన వాట్సాప్ గ్రూపుల సంగతి మీకు తెలియనిదా!

"ఒక్క ఇంటి వల్ల ఏం పోతుంది వదినా" అంది. ఒక్కో ఇల్లు ఏడాదికి ఒక్క బొమ్మ కొనడం వల్లే కదా ఇన్నాళ్లూ ఆ పని సాగింది! కొలువులో ఏటా ఒక కొత్త బొమ్మ చేర్చాలని పెద్దవాళ్లు పెట్టిన ఆనవాయితీ మనకి ఎంత సరదానో, చేసేవాళ్లకి అంత తిండి. ప్రింట్ తీసిన సెట్టుకి రంగులూ, పెయింటింగుకి రెండు వారాంతాలూ కలిపితే తనకి మిగిలేదేమిటో కూడా నాకు అర్థం కాలేదు. విరుగుతుందన్న భయానికి మందు ఉంది. విరిగిన ముక్కలు పారెయ్యకుండా దాచి, దొరకనిదాన్ని మాత్రమే స్కాన్‌తో చేయించుకోవచ్చు. గొడుగు ఫైలు పంపిస్తానన్నాను, వామనుణ్ణి కాదు.

మా అమ్మమ్మ ఇచ్చిన మట్టి పెళ్లి బ్యాండు సెట్టు సంగతి వేరు. చేసినవాళ్లెవరో, ఏ ఊరో ఇప్పుడు ఎవరికీ తెలియదు. అలాంటివి బజారులో నాకు మళ్లీ కనపడలేదు. ఐదుగురిలో సన్నాయి ఊదేవాడి మెడ దగ్గర జుట్టంత పగులు మొదలైంది. అమ్మమ్మ మనవరాళ్లం ముగ్గురం, సెట్టు ఒకటే. ఎవరిదన్న మాట వచ్చినప్పుడల్లా అందరం టీ పెట్టడానికి లేస్తాం. దీన్ని స్కాన్ చెయ్యకపోతేనే నష్టం. మెడ విరగక ముందే ఐదుగురినీ ఫోటోలు తీసి, ఫైళ్లు ఏ సైటులోనూ పెట్టకుండా, మా ముగ్గురి దగ్గరా ఒక్కో కాపీ ఉంచాలని అనుకున్నాం. ఇద్దరికి ప్రింట్లు, ఒకరికి అసలు బొమ్మలు. ఆ అసలువి ఏటా ఇల్లు మారాలన్నది మా చిన్న చెల్లెలి షరతు. దానికి పెద్దక్క ఇంకా ఊఁ అనలేదు. ఈలోగా వానలు పడుతున్నాయి, వరండాలో వెలుతురు బాగుంది, సన్నాయివాడితోనే మొదలు పెడుతున్నాం.