పెంపుడు పిల్లికి మధుమేహం: చూర్ణం కన్న ముందు కొలత

మధుమేహానికి ఔషధం కోరి నా వద్దకు వచ్చే గృహస్థులలో ఇంటి పిల్లి కోసం అడిగేవారు కూడా ఇటీవల కనిపిస్తున్నారు. "మా నాన్నగారు వాడే పొడపత్రి చూర్ణమే చిటికెడు పాలలో కలిపి పోయవచ్చునా అండీ?" అని వారి ప్రశ్న. పోయరాదు. గురుకులంలో చదివి, జీవితమంతా మూలికలతోనే వైద్యం చేసినవాడను కనుక ఈ మాట నా నోట రావడమే సమంజసమని భావిస్తున్నాను. ఆ పిల్లికి ముందుగా కావలసినది చూర్ణం కాదు. పశువైద్యుని పర్యవేక్షణ, ఇంటిలోనే రక్తంలోని చక్కెరను కొలిచే ఏర్పాటు.

పూర్వులు ఏనుగుల వైద్యానికి పాలకాప్యుని శాస్త్రాన్ని, గుర్రాల వైద్యానికి శాలిహోత్రుని శాస్త్రాన్ని వేరువేరుగా నిలిపారు. ఒక జంతువు దేహధర్మం మరొకదానికి చెల్లదని వారెరుగుదురు. పిల్లి కాలేయానికి కొన్ని పదార్థాలను విరిచి బయటకు పంపే శక్తి మిక్కిలి తక్కువ. జ్వరానికి మనం వేసుకొనే ఒక్క పారాసిటమాల్ మాత్ర దాని ప్రాణం తీయగలదు. ఉల్లి, వెల్లుల్లి దాని రక్తకణాలను చెడగొడతాయి. అటువంటి ప్రాణిపై మన కాకర రసాన్ని, మెంతి పొడిని అంచనాతో ప్రయోగించడం వైద్యం అనిపించుకోదు.

ఈ వ్యాధి ఎక్కువగా నడివయస్సు దాటి బరువెక్కిన పిల్లులకు, అందునా సంతాన నిరోధక శస్త్రచికిత్స జరిగిన మగ పిల్లులకు వస్తుంది. నీటి గిన్నె తరచు ఖాళీ అవుతుంది, మూత్రం అధికమవుతుంది, బాగా తింటూనే పిల్లి చిక్కిపోతుంది. ముదిరినచో వెనుక కాళ్ల మడమలు నేలకానించి నడుస్తుంది. చాలా పిల్లులకు రెండు పూటలా ఇన్సులిన్ సూదిమందు అవసరమవుతుంది. అయితే ఇందులో ఆశాజనకమైన సంగతి ఒకటున్నది. కర్‌స్టెన్ రూంప్, జాకీ రాండ్ అనే పరిశోధకులు 2009లో 55 పిల్లుల ఫలితాలను ప్రకటించారు. వాటి యజమానులు ఇంటిలోనే చక్కెర కొలుస్తూ గ్లార్జిన్ ఇన్సులిన్ ఇచ్చారు. వ్యాధి బయటపడిన ఆరు నెలలలోపు ఈ పద్ధతి ప్రారంభించిన పిల్లులలో నూటికి 84 ఇన్సులిన్ అవసరం లేని స్థితికి వచ్చాయి. ఆలస్యంగా ప్రారంభించిన వాటిలో 35 మాత్రమే. కషాయాలతో నాలుగు నెలలు గడిపే ఇల్లు పోగొట్టుకొనేది ఈ అవకాశాన్నే.

ఆసుపత్రిలోనే కొలిపిస్తే చాలదా అంటే, చాలదు. బుట్టలో పెట్టి, ఆటోలో తీసికొనిపోయి, కుక్కల అరుపుల నడుమ కూర్చోబెట్టిన పిల్లికి భయంతోనే చక్కెర పెరుగుతుంది. వ్యాధి లేని పిల్లిలో సైతం అది 300 వరకు పోవచ్చు. ఆ అంకెను నమ్మి మోతాదు పెంచితే, ఇంటికి వచ్చిన తరువాత చక్కెర పడిపోతుంది.

మూత్రానికి చీమలు పట్టడాన్ని చరకుడు ప్రమేహ పూర్వరూపాలలో చెప్పాడు. గుర్తుగా అది నేటికీ నిజమే. కాని చక్కెర ఎక్కువైనదని చెప్పే చీమలు తక్కువైనదని చెప్పవు. మూత్రంలో ముంచే పట్టీలదీ అదే తీరు. పిల్లి రక్తంలో చక్కెర సుమారు 250 దాటితేగాని మూత్రంలోకి దిగదు. కీటోన్లు చూచుటకు ఆ పట్టీలు ఉపయోగిస్తాయి గాని, ఇన్సులిన్ మోతాదుకు అవి దారి చూపలేవు.

కొలత కష్టమైన పని కాదు. కొద్దిగా బియ్యం వేడిచేసి గుడ్డలో మూటకట్టి, మీ చేతికి హితవైన వేడి ఉన్నప్పుడు పిల్లి చెవికి నిమిషంపాటు కాపడం పెట్టండి. చెవి వెలుపలి అంచు వెంబడి సన్నని నరం కనిపిస్తుంది. చెవి వెనుక దూది ఆనించి, ఆ అంచున కొత్త సూదితో పొడిస్తే ఆవగింజంత నెత్తురు వస్తుంది. అది పట్టీకి చాలు. స్పిరిటు రాయవద్దు. తరువాత క్షణకాలం దూదితో అదిమి, ఉడికించిన చేప ముక్క ఒకటి పెట్టండి. మొదటి వారం పెనుగులాడిన పిల్లి ఆ ముక్క కోసం తానే వచ్చి కూర్చోవడం చూచేవారు చాలామంది.

ఇంటిలో పెద్దవారికున్న గ్లూకోమీటరునే వాడవచ్చు. మనుషుల మీటరు పిల్లి రక్తంలో చక్కెరను అసలుకన్న తక్కువగా చూపుతుంది. కనుక అంకెతో పాటు ఏ మీటరుతో చూచినదీ పశువైద్యునికి చెప్పాలి. కొత్తది కొన్నా సాధారణంగా రెండు వేల రూపాయల లోపే. పట్టీ ఒక్కటి పది నుండి పాతిక రూపాయలు. ప్రతి సూదిమందుకు ముందు ఒకసారి, మధ్యమధ్య మందు ఇచ్చిన నాలుగు నుండి ఎనిమిది గంటల నడుమ ఒకసారి చూచి, తేదీతో పుస్తకంలో వ్రాసుకోండి. ఆసుపత్రికి పోయి వచ్చే ఆటో ఖర్చుతో కొన్ని రోజుల పట్టీలు వస్తాయి.

సిరంజి విషయంలో నిర్లక్ష్యం పనికిరాదు. మన దుకాణాలలో మిల్లీలీటరుకు 40 యూనిట్ల ఇన్సులిన్, 100 యూనిట్ల ఇన్సులిన్ రెండూ అమ్ముతారు. 100 యూనిట్ల మందును 40 గీతల సిరంజితో తీస్తే మోతాదు రెండున్నర రెట్లవుతుంది. అయిదారు కిలోల ప్రాణికి అది మృత్యువుతో సమానం. సీసాపై అంకె, సిరంజిపై అంకె ఒకటేనా అని ప్రతిసారీ చూడండి. పిల్లి తూలినా, నీరసించి పడిపోయినా, మీటరు 50కి తక్కువ చూపినా తేనెను చిగుళ్లకు రాసి వెంటనే పశువైద్యుని వద్దకు తీసికొనిపోవాలి. గొంతులో పోయరాదు, ఊపిరితిత్తులలోకి పోతుంది.

ఇక ఆహారం. మా వంటి శాకాహారుల ఇండ్లలో పిల్లికి పాలన్నం, పెరుగన్నం పెట్టి పెంచడం ఆచారం. పిల్లి పుట్టుకతో మాంసాహారి. అన్నంలోని పిండిపదార్థాన్ని దాని శరీరం మనవలె సర్దుకోలేదు. దాని కంటికి, గుండెకు అవసరమైన టారిన్ మాంసంలోనే ఉన్నది. మన నియమాన్ని దానిపై రుద్దడం ధర్మం కాదని నా అభిప్రాయం. కాని ఇన్సులిన్ పొందుతున్న పిల్లికి అన్నం ఒక్కసారిగా మాన్పించవద్దు. పాత మోతాదే సాగితే చక్కెర అమాంతం దిగిపోతుంది. పశువైద్యునితో చెప్పి కొద్దికొద్దిగా మార్చండి. మార్చే ఆ రోజులలో చెవి పరీక్ష మరింత తరచుగా జరగాలి.