మాక్రోలు రాసే మన పిల్లలకు

పద్మానగర్, భివండి

బిడ్డలారా,

నల్లగొండ, కరీంనగర్ దిక్కు నుంచి వచ్చి మన పెద్దోళ్లు ఇక్కడ సాంచాలు నడిపారు. మీరేమో డిప్లొమాలు చదివి, ఎలక్ట్రానిక్ డాబీ బోర్డులకు ప్రోగ్రాం రాస్తామంటున్నారు. సంతోషం. కానీ మీ 8051 అసెంబ్లీ కోడ్ చూస్తుంటే ఒక పేచీ పెట్టుకోవాలనిపిస్తోంది. మాక్రోను మీరు సబ్‌రొటీన్ అనుకుంటున్నారు.

మాక్రో ఉత్త నకలు. ఎన్నిచోట్ల పిలిస్తే అన్నిచోట్లా ఆ వరసలే దిగుతాయి. డిలే మాక్రోలో 'లూప్' అని లేబుల్ పెట్టి రెండుసార్లు పిలిచారా, ఒకే ఫైల్లో రెండు లూప్‌లు. మన గల్లీలో శ్రీనివాస్ అని కేకేస్తే నలుగురు తిరిగి చూస్తారు. అసెంబ్లర్‌కు అంత ఓపిక లేదు, ఎర్రరిచ్చి ఆగిపోతుంది. ఆ పేరును లోకల్ అని ప్రకటిస్తే పిలిచిన ప్రతిసారీ తనే కొత్త పేరు పుట్టించుకుంటుంది. నాస్మ్ అనే వేరే అసెంబ్లర్‌లోనైతే పేరు ముందు రెండు పర్సెంట్ గుర్తులు పెడితే చాలు.

ఎర్రర్ వచ్చిందంటే అదృష్టమే. అసలు చిక్కు రిజిస్టర్లతో. లోకల్ అన్నది లేబుళ్లను కాస్తుంది, ఆర్7ను కాయదు. 48 పిక్కులు లెక్కపెట్టడానికి బయటి లూపులో ఆర్7 వాడారనుకోండి. లోపలి డిలే కూడా ఆర్7నే సున్నా దాకా దించుతుంది. బయటి డీజేఎన్‌జెడ్ అందులోంచి ఒకటి తీసేసరికి అది 255 అవుతుంది. సున్నా కాలేదు గనక మళ్లీ వెనక్కి. మళ్లీ డిలే, మళ్లీ సున్నా, మళ్లీ 255. ఆ లూపుకిక అంతు లేదు. అసెంబ్లర్ కిమ్మనదు. అరిచేది సేటు.

పుష్, పాప్ చేస్తే పోలేదా అంటారు. 8051లో పుష్‌కు ఆర్7 అని ఇస్తే ఒప్పుకోదు, చిరునామా కావాలి. మీరు 07 అని రాసేస్తారు. రిజిస్టర్ బ్యాంకు 0లో ఉన్నంతసేపే అది ఆర్7. ఇంటరప్ట్‌లో బ్యాంకు 1కి మారితే ఆర్7 ఉండేది 0ఎఫ్ దగ్గర. మీరు దాచింది ఒకటి, చెడింది ఇంకొకటి!

అందుకని ప్రతి మాక్రో నెత్తిన ఏ రిజిస్టర్లు చెడతాయో, ఏ బ్యాంకు అనుకుని రాశారో ఒక్క వరస కామెంట్ పెట్టండి. లేబుల్‌కు 'లూప్', 'టెంప్' లాంటి అనాథ పేర్లు కాకుండా మాక్రో పేరు తగిలించండి. ఈసారి నా దగ్గరికి వచ్చేటప్పుడు సోర్సు ఒక్కటే తేవద్దు, మాక్రోలన్నీ విప్పిన లిస్టింగ్ కూడా ప్రింటు తీసి పట్టుకురండి.

మీ పెద్దనాయన