మరమరమగ్గం

సూరత్‌కు దక్షిణాన ఉన్న సచిన్ 1948 వరకు నవాబుల సంస్థానం, నేడు పారిశ్రామికవాడ. సూరత్ నేత పరిశ్రమలో తెలుగువారు అనేకులున్నారు గనుక యంత్రాల వద్ద పాటించవలసిన జాగ్రత్తలు తెలుగులోనూ ఉండటం న్యాయం. అటువంటి అనువాదం యాభై ఫైళ్లలో సిద్ధమైన తరువాత, 'మగ్గం' అన్నచోటల్లా 'మరమగ్గం' అనాలని కబురు వచ్చిందనుకుందాం. ఒక్కొక్క ఫైలు తెరచి దిద్దనక్కరలేదు. గ్రెప్ వెదకిపెడుతుంది, సెడ్ మార్చిపెడుతుంది. రెండూ తెరపై ఆజ్ఞ టైపు చేస్తే పనిచేసేవే.

వీటి పుట్టుక సాహిత్య విద్యార్థులకు ప్రీతికరం. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో లీ మెక్‌మాన్ ఫెడరలిస్టు వ్యాసాల కర్తృత్వాన్ని పరిశీలిస్తుండగా, అంత పెద్ద పాఠం నాటి ఎడిటరులో ఇమడలేదట. ఆయన కోసం కెన్ థాంప్సన్ గ్రెప్‌ను ఒక్క రాత్రిలో విడదీసి ఇచ్చాడని బ్రయాన్ కెర్నిఘన్ చెబుతాడు. అది 1973 నాటికే వాడుకలోకి వచ్చింది. సెడ్‌ను ఆ తరువాత మెక్‌మానే వ్రాశాడు.

అయితే ఈ పరికరాలకు తెలియునది అక్షరాల వరుసే, అర్థం కాదు. 'మగ్గం'ను గుడ్డిగా మార్చమంటే, ముందే సరిగా ఉన్న 'మరమగ్గం' కాస్తా 'మరమరమగ్గం' అవుతుంది. చదువరికి మరమరాలు గుర్తుకు వస్తే తప్పు అతనిది కాదు! 'చేతిమగ్గం' ఏకంగా 'చేతిమరమగ్గం' అయి అర్థమే తలక్రిందులవుతుంది. 'మగ్గాలు', 'మగ్గానికి' మాత్రం ఉన్నచోటనే ఉండిపోతాయి.

పోనీ 'మగ్గ' అని వెదకుదామా? కంప్యూటరు గుణింతపు గుర్తును హల్లుకు వేరుగా దాచుకుంటుంది. కావున 'మగ్గుతున్న'లోనూ దానికి 'మగ్గ' కనబడుతుంది. ఇరుకు గదుల్లో మగ్గుతున్న కార్మికులు 'మరమగ్గుతున్న' కార్మికులవుతారు.

నవ్వి ఊరుకోదగినవి ఇవి. అంకెలు అలా కావు. 10 నిమిషాలు ఆగి మూత తీయాలన్న నియమం 15కు పెరిగిందని 10ని 15గా మార్చితే, మరొక పుటలో 100 డిగ్రీల హద్దు 150 అయి కూర్చుంటుంది. దానిని నమ్మి యంత్రం వద్ద నిలుచునేవాడు మనిషి. అందుచేత '10' అని కాక, ముందున్న ఖాళీతో సహా ' 10 నిమిషాలు' అని పూర్తిగా ఇవ్వాలి.

మొదట గ్రెప్‌తో, ఫైలు పేరు, పంక్తి సంఖ్యలతో సహా, మాట ఉన్న ప్రతి పంక్తినీ రప్పించి చదవాలి. విసుగు పుట్టించే పనే గాని ఇక్కడ తొందర పనికిరాదు. తరువాత 'మరమగ్గం'లన్నిటినీ 'మగ్గం'గా కుదించి, ఆపై ఒక్కసారే పెంచితే మరమరల బెడద ఉండదు. 'మగ్గాలు' వంటి రూపాలకూ, చేతిమగ్గాలకూ వేరే ఆజ్ఞలు కావాలి. సెడ్ ఆజ్ఞ చివర 'జి' లేకుంటే పంక్తిలో మొదటి మాట మాత్రమే మారుతుంది. ఫైలును అక్కడికక్కడే దిద్దమనే 'ఐ' గుర్తుకు ఒక తోకపేరు తగిలిస్తే పాత ప్రతి ఆ పేరుతో మిగులుతుంది.

పని ముగిశాక 'మరమర', 'చేతిమర' అని మళ్లీ వెదకాలి. ఒక్క పంక్తీ రాకపోయినా, అంకెలున్న పుటలను మూలంతో పోల్చి చదివిన పిమ్మటే అచ్చుకు పంపాలి.