పిల్లి దగ్గు పాపకు అంటుతుందా?

ఓపీలో పిల్లలను చూపించుకోవడానికి వచ్చే తల్లులు అడిగే ప్రశ్న ఇది. నేను మనుషుల డాక్టర్ని, పిల్లికి మందు రాయను. జవాబు మాత్రం చెప్పగలను. ఊపిరితిత్తుల పురుగు వల్ల వచ్చిన దగ్గయితే మీ పాపకు అంటదు.

ఆ పురుగు పేరు ఏల్యూరోస్ట్రాంజిలస్. పిల్లి ఊపిరితిత్తుల్లోనే గుడ్లు పెడుతుంది. పిల్లపురుగులు కళ్లెతో గొంతులోకి వచ్చి, కడుపులోకి దిగి, మలంతో బయటపడతాయి. అక్కడి నుంచి నత్తలోకి, నత్తను తిన్న ఎలుకలోకో తొండలోకో, దాన్ని వేటాడిన పిల్లిలోకి. చుట్టూ వరిపొలాలు, రైస్ మిల్లులున్న సుల్తానాబాద్‌లో నత్తలకు, ఎలుకలకు కొదవేముంది?

చిక్కేమిటంటే, నులిపురుగులకని షాపులో కొనే పైరాంటెల్ మాత్ర దీనిపై పనిచేయదు. ఫెన్‌బెండజోల్ లాంటి మందు కొన్ని రోజులు వరసగా ఇవ్వాలి. మోతాదు పశువైద్యులే చెప్పాలి. మలాన్ని గోరువెచ్చని నీళ్ల గరాటులో ఉంచి, కిందికి దిగిన పిల్లపురుగులను చూసే బేర్‌మన్ పరీక్ష గురించి వారిని అడగండి. ఇంట్లో ఉంది కదా అని పారాసిటమాల్ మాత్రం వేయకండి. ఒక్క మాత్ర కూడా పిల్లి ప్రాణం తీయగలదు.

పిల్లలకు అంటేది వేరే పురుగు, టాక్సోకారా. కుక్క, పిల్లి మలంలోని దాని గుడ్లు కొన్ని వారాలు మట్టిలో ముదిరి, కడగని చేతులతో నోట్లోకి పోతాయి. అరుదుగానైనా కంటిచూపును దెబ్బతీస్తుంది.

ఇక ఇంట్లో మనిషికే రాత్రిళ్లు దగ్గు, పిల్లికూతలు ఉంటే పిల్లిని నిందించకండి. బోదకాలు ఉన్న ప్రాంతం మనది. రక్తంలో ఇసినోఫిల్స్ 3,000 దాటితే, ఆస్తమా అనుకునే ముందు ఫైలేరియా సంగతి మీ డాక్టరును అడగండి.