చార్మినార్‌కు వెళ్తే... ముందు నీళ్ల డ్రమ్ము చూడండి

'డాక్టర్‌గారూ, పిల్లలు చార్మినార్ వెళ్దామని ఒకటే గొడవ. ఏమీ తినకుండా తిరిగి రావడం వాళ్లవల్ల కాదు. ఎక్కడ తింటే మంచిది?' ఓపీలో బీపీ చూస్తుండగానో, మందుల చీటీ రాస్తుండగానో ఈ ప్రశ్న తరచూ వినిపిస్తుంది. ఆషాఢం వచ్చి లాల్‌దర్వాజా బోనాలు దగ్గరపడే కొద్దీ ఇంకా ఎక్కువ. 'బయట తినొద్దు' అని ఒక్క ముక్కలో తేల్చేయడం మా డాక్టర్లకు అలవాటు. ఆ మాట ఎవరూ వినలేదు. చెప్పిన మేమూ పాటించలేదు. పీజీ రోజుల్లో రాత్రి డ్యూటీ దిగి, తెల్లవారుజామున పాతబస్తీలో నిహారీ, కుల్చా తిని హాస్టల్‌కు వెళ్లి పడుకున్న ఉదయాలు నాకు లెక్కలేనన్ని. అందుకే ఈ వారం ఆ ప్రశ్నకు దాటవేయకుండా జవాబు చెప్తాను.

మొజంజాహీ మార్కెట్ దగ్గర బయలుదేరి అఫ్జల్‌గంజ్, నయాపూల్ దాటి, మదీనా, పత్తర్‌గట్టి మీదుగా గుల్జార్ హౌజ్ చేరడానికి రెండు మూడు కిలోమీటర్లు నడిస్తే చాలు. ఆ దారిలోనే మార్వాడీల కచోరీ, జిలేబీ. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. తందూరులోంచి అప్పుడే తీసిన నాలుగు మూలల నాన్. వెన్న కారుతూ దోసెలు, తవా ఇడ్లీలు వేసే బండ్లు. ఇంకాస్త దక్షిణంగా బార్కస్ వెళ్తే, నిజాం సైన్యంలో పనిచేయడానికి వచ్చిన అరబ్బుల సంతతివారు వండే మండీ. హైదరాబాదీ హలీంకు 2010లో జీఐ గుర్తింపు దక్కింది. 2019లో నగరమే యునెస్కో 'గ్యాస్ట్రానమీ' నగరాల జాబితాలో చేరింది. ఇంత తిండి మధ్యలో పిల్లల్ని నోరు కట్టుకుని నడవమనడం అన్యాయం.

అయితే హోటళ్ల పేర్లు మాత్రం అడక్కండి. వంటమనిషి మారినా, ట్యాంకర్ మారినా నిన్నటి మంచి హోటల్ ఇవాళ మంచిది కాకపోవచ్చు. ఏం చూడాలో చెప్తాను, ఎంచుకోవడం మీ పని.

గత వానాకాలం ఒక యువకుడు కామెర్లతో మా వార్డుకు వచ్చాడు. వెంట ఏడో నెల గర్భంతో భార్య. 'మొన్న చాట్ తిన్నాడు సార్, అదే కొంప ముంచింది' అందామె. వీధివాళ్లంతా కలిసి ఆ చాట్ బండి అతన్ని అప్పటికే అక్కడి నుంచి తరిమేశారు. పరీక్షల్లో తేలింది హెపటైటిస్-ఇ. అది ఒంట్లోకి చేరాక బయటపడటానికి రెండు నుంచి పది వారాలు పడుతుంది. మొన్న తిన్న చాట్‌కూ ఈ కామెర్లకూ సంబంధం లేదు. నెలన్నర కిందట ఇంట్లో నల్లా నీళ్లు ఎలా వచ్చాయని అడిగితే, ఆమె కాసేపు ఆలోచించి 'రెండు రోజులు వాసన వచ్చినయ్' అంది. పది రోజుల తర్వాత ఆమె కూడా అదే జబ్బుతో చేరింది. నిండు నెలలు దగ్గరపడుతున్న గర్భిణికి హెపటైటిస్-ఇ సోకితే ప్రాణం మీదికి వస్తుంది. ఆమె దక్కింది. బిడ్డ దక్కలేదు.

తిండి వల్ల వచ్చే జబ్బుల్లో మనమంతా చేసే పొరపాటు ఇదే, చివరగా తిన్నదాని మీద నింద వేస్తాం. తిన్న ఒకటి నుంచి ఆరు గంటల్లో వాంతులు మొదలైతే అది సాధారణంగా అంతకుముందే ఆహారంలో తయారైన విషపదార్థం వల్ల. సాల్మొనెల్లా విరేచనాలకు ఆరు గంటల నుంచి మూడు రోజులు. టైఫాయిడ్‌కు వారం నుంచి రెండు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. హెపటైటిస్-ఎ అయితే 15 నుంచి 50 రోజులు. నెల కిందట ఏ చట్నీ తిన్నారో ఎవరికి గుర్తుంటుంది? అలాగని చాట్ బండి అతను అమాయకుడని నేను ప్రమాణం చేయలేను. అతను వాడిందీ ఆ వీధి నీళ్లే కదా.

మన దగ్గర చాలా బస్తీలకు నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. సరఫరా ఆగినప్పుడు పైపులో ఒత్తిడి పడిపోతుంది. పైపుకు ఎక్కడైనా చిల్లు ఉండి, పక్కనే మురుగు పారుతుంటే ఆ మురుగు లోపలికి లాక్కుంటుంది. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు అదే బిందెలోకి వస్తుంది. 2009 మే నెలలో భోలక్‌పూర్‌లో మురుగు కలిసిన తాగునీటి వల్ల పలువురు చనిపోవడం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కలరా, ప్లేగు నుంచి కాపాడమని అమ్మవారిని వేడుకోవడంతో మొదలైందని చెప్పుకునే పండుగ బోనాలు. ఆ మొక్కు ఇంకా పాతబడలేదు.

కాబట్టి బండి ముందు నిలబడితే బోర్డు కాదు, బండి కింద చూడండి. నీళ్ల డ్రమ్ముకు మూత ఉందా? నీళ్లు తీసేది పిడి ఉన్న లోటాతోనా, చెయ్యి ముంచా? ప్లేట్లు కడిగేది ఒకే బకెట్టులోనా? ప్లేటు మీద పాలిథీన్ కాగితమో, విస్తరో వేసి ఇస్తే ఆ గొడవ సగం తీరుతుంది.

పెనం మీద చుయ్యిమంటూ కాలిన దోసెలో క్రిమి బతకదు. ప్రమాదం దాని పక్కన ఉన్న చట్నీలో. పొద్దున్నే రుబ్బిన చట్నీ గట్టిగా ఉంటుంది, జనం పెరిగేకొద్దీ పల్చబడుతుంది. ఆ పోసిన నీళ్లు ఎక్కడివి? అందుకే దోసె తినాలంటే తెల్లవారి వెళ్లండి. చట్నీ తాజాగా ఉంటుంది, మీకు పార్కింగూ దొరుకుతుంది. నిహారీ కూడా అప్పుడే, రాత్రంతా పొయ్యి మీద ఉడికినది పొగలు కక్కుతూ వస్తుంది. కొవ్వు మాత్రం పైన తేలుతూ కనిపిస్తూనే ఉంటుంది, గుండెకు స్టెంట్ వేయించుకున్నవారికి నేను విడిగా చెప్పక్కర్లేదు. బిర్యానీ మధ్యాహ్నం కొత్త హండీ తెరిచే వేళకు తినండి. సాయంత్రం నాలుగింటికి అడుగున చల్లారినది వద్దు. వండిన అన్నం గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. అది వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు.

ఇరానీ చాయ్‌కి నేను ఎప్పుడూ సరే అంటాను, చక్కెర సంగతి మీరు చూసుకుంటే. కట్ మిర్చీ వేడిగా ఉన్నంతవరకు క్రిముల బెడద లేదు, నూనె మాత్రం నల్లగా, జిగటగా ఉంటే పక్క బండికి నడవండి. గప్‌చుప్ నీళ్లు, కోసి పెట్టిన పండ్లు, ఐసు వేసిన రసాలు, బిర్యానీ పక్కన పెట్టే పచ్చి ఉల్లిపాయ... వానాకాలంలో ఈ నాలుగూ వదిలేయండి. పండు కావాలంటే బార్కస్ జామకాయ మొత్తంగా కొనుక్కుని, ఇంటికెళ్లి కడుక్కుని తినండి. మండీ, షవర్మాల పక్కన వచ్చే తెల్లటి మయోనైజ్ గురించి కూడా ఒక మాట. పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ను 2024 అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం ఏడాదిపాటు నిషేధించింది. ఊరికే చేయలేదు. ఎండలో గిన్నెలో పెట్టిన పచ్చిగుడ్డు సాల్మొనెల్లాకు పుట్టిల్లు.

ఏసీ ఉంటే భయం లేదనుకునేవాళ్లకు మా ఇంటి కథ. బంధువుల పెళ్లి, పెద్ద ఫంక్షన్ హాలు. సాయంత్రం ఏడింటికి బఫేలో పెట్టిన ఫ్రైడ్ రైస్‌ను మేం తిన్నది రాత్రి పదకొండింటికి. తెల్లారేసరికి పదకొండు మందిమి వాంతులతో ఇంట్లో ఉన్న రెండు బాత్‌రూమ్‌ల ముందు వరుసకట్టాం. అందులో ఇద్దరం డాక్టర్లం. బండి దగ్గర వంట కళ్ల ముందే జరుగుతుంది. అద్దాల తలుపు వెనక ఏం జరుగుతుందో మనకు కనిపించదు, తేడా అంతే.

షుగర్ ఉన్నవారికి ముఖ్యమైన హెచ్చరిక. గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకునో, భోజనం ముందు ఇన్సులిన్ తీసుకునో ఇంట్లోంచి బయలుదేరుతారు. మదీనా దగ్గర ట్రాఫిక్‌లో గంట, హోటల్లో టేబుల్ కోసం ఇంకో అరగంట. ఈలోగా చెమటలు, వణుకు. బిర్యానీ తింటే షుగర్ పెరుగుతుందని భయపడ్డ మనిషి, బిర్యానీ రాకముందే షుగర్ పడిపోయి ఆసుపత్రికి వస్తాడు. మందు మీ వెంట తీసుకెళ్లండి, ప్లేటు ముందుకు వచ్చాక వేసుకోండి. జేబులో నాలుగు చాక్లెట్లు ఉంచుకోండి.

గర్భిణులు, చంటిపిల్లలు ఉంటే తాగే నీళ్లు ఇంటి నుంచే కాచి చల్లార్చినవి పట్టుకెళ్లండి. ఆరు నెలలు నిండిన పిల్లల నుంచీ టైఫాయిడ్ కాంజుగేట్ టీకా వేయించవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు ఆమోదం మొదట పొందిన అలాంటి టీకా తయారైంది మన హైదరాబాద్‌లోనే.

ఇంత చూసుకున్నా విరేచనాలు పట్టుకుంటే యాంటీబయాటిక్ కోసం మెడికల్ షాపుకు పరిగెత్తకండి. చాలావరకు అక్కర్లేదు. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్‌ను సరిగ్గా లీటరు నీళ్లలో కలిపి, విరేచనమైన ప్రతిసారీ పెద్దలు ఒకటి రెండు గ్లాసులు తాగాలి. డబ్బాల్లో అమ్మే తియ్యటి పానీయాలు ఓఆర్‌ఎస్ కావు. హైదరాబాద్‌కు చెందిన ఒక పిల్లల డాక్టరు ఏళ్లపాటు పోరాడాక 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. విరేచనంలో రక్తం పడినా, ఆరేడు గంటలు మూత్రం రాకపోయినా, మూడు రోజులు దాటి జ్వరం ఉన్నా, కళ్లు పచ్చబడినా ఇంట్లో కూర్చోకండి.

ఇక ప్రభుత్వాన్ని అడగాల్సిన మాట ఒకటుంది. చార్మినార్ చుట్టూ రాళ్లు పరిచి, వాహనాలు ఆపి, దీపాలు పెట్టారు. సంతోషం. బండ్ల వరుసకు శుద్ధమైన నీళ్లు వచ్చే ఒక నల్లా, మురుగు పోయే ఒక కాలువ, తినేవాళ్లు చేతులు కడుక్కునే చోటు కూడా పెట్టాలి. తనిఖీకి వచ్చి చలానా రాస్తే బండి పక్క గల్లీకి మారుతుంది, డ్రమ్ములో నీళ్లు మారవు. ఈమధ్య దోసె తింటూ బండి అతన్ని చట్నీలో ఏ నీళ్లు పోస్తావని అడిగాను. దాచకుండా చెప్పాడు: 'తాగనీకి క్యాన్ నీళ్లు పెడుతున్న సార్. చట్నీకి, ప్లేట్లకు గూడ క్యానే అంటే దోసె రేటు పెంచాలె. పెంచితే మీరే పక్క బండికి పోతరు.'