బీదల గృహములు: పురపాలకుల విధి

నగరపాలక సంస్థలు పన్నుల సొమ్ముతో బీదలకు ఇండ్లు కట్టించుట న్యాయమేనా యను ప్రశ్న సికింద్రాబాదు ఏ.ఎస్. రావు నగరమువంటి మధ్యతరగతి వాడలలో తరచుగా వినబడుచున్నది. "మేము అప్పుచేసి, కడుపు కట్టుకొని ఇల్లు కట్టుకొంటిమి, పరుల యింటికి మా పన్నేల?" యని యడుగువారిని నిర్దయులని త్రోసివేయరాదు. కష్టార్జితము గలవాడు లెక్క యడుగుట సహజము. ఆ లెక్కను విప్పి చెప్పుటయే మా యుద్దేశము.

ముందుగా ఈ వాడ సంగతియే చూతము. 1967లో ఇ.సి.ఐ.ఎల్. సంస్థ యేర్పడినది. దానిని స్థాపించి నడిపిన డాక్టరు అయ్యగారి సాంబశివరావుగారి పేరిట, ఆ సంస్థ ఉద్యోగుల నివాసార్థమై వెలసినదే ఈ కాలనీ. పనిచేయు చోటికి చేరువగా ఇల్లున్న కుటుంబము ఎట్లు కుదుటపడునో, పిల్లల చదువులెట్లు సాగునో దీనిని చూచి తెలిసికొనవచ్చును. అయితే ప్రభుత్వరంగ సంస్థ యిచ్చిన స్థిరమైన జీతములును, ప్రజాధనముతో వేసిన బాటలును, మంచినీటి గొట్టములును లేనిచో ఇచ్చటి స్థలములకు నేటి విలువ యెక్కడిది? ఆ విలువ పెరిగినకొలది స్థలమున్నవానికి లాభము, అద్దెకున్నవానికి భారము. వీధులూడ్చువారు, ఇండ్లలో పాచిపని చేయువారు, కూరల బండ్లవారు, తాపీపనివారు లేనిదే ఏ వాడకును తెల్లవారదు. వారి కూలి మాత్రము అద్దెలతో సమానముగా పెరుగుట లేదు. అందరి సొమ్ముతో పెరిగిన విలువలో కొంత భాగమును వారి నీడకై మరలించుట దాన మెట్లగును? అది బాకీ తీర్చుటయే.

ఇక స్వార్థదృష్టితో చూచినను ఇదియే యుక్తము. 1896లో బొంబాయిలో ప్లేగు చెలరేగగా, 1898లో అచ్చట నగరాభివృద్ధి ట్రస్టు ఏర్పడినది. మన భాగ్యనగరమున 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాది జనులను పొట్టబెట్టుకొన్నది. 1911లో ప్లేగు వచ్చినది. ఆ మరుసటి సంవత్సరమే, అనగా 1912లో, నగరాభివృద్ధి మండలి నెలకొని, ఇరుకు పేటలను తొలగించి, గాలియు వెలుతురును గల ఇండ్లు కట్టించుటకు పూనుకొన్నది. పాలకులకు హఠాత్తుగా జాలి పుట్టి కాదు. రోగమునకు పేటల హద్దులు తెలియవని అనుభవము నేర్పినందున. ఇల్లు లేనివాడు కాలువ గట్టునను చెరువు శిఖమునను గుడిసె వేయును. వరద వచ్చిననాడు ఆ నష్టమును భరించునది యీ పురపాలక ఖజానాయే గదా! ముందు ఇంటికి పెట్టని సొమ్మును పిదప ఆసుపత్రికిని సహాయ శిబిరములకును పెట్టవలసివచ్చును.

విదేశముల మాటయు వినదగినది. వియన్నా నగరమువారు 1923లో గృహనిర్మాణమునకే ప్రత్యేకమైన పన్ను విధించిరి. పెద్ద భవంతులవారిపై హెచ్చుగను, చిన్న యిండ్లవారిపై స్వల్పముగను వేసి, 1934 నాటికి అరువది వేలకు పైగా గృహములను కట్టించిరి. నేటికిని అచ్చటి నగరపాలక సంస్థయే లక్షలాది జనులకు ఇంటి యజమాని.

మన చట్టము సయితము ఈ భారమును పురపాలకుల వైపే చూపుచున్నది. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ మురికివాడల బాగును, పట్టణ దారిద్ర్య నివారణమును పురపాలక కార్యముల పట్టికలో చేర్చినది. అంతకు పూర్వమే, 1985లో, బొంబాయి కాలిబాటలపై నివసించువారి వ్యాజ్యెమున సుప్రీముకోర్టు జీవనోపాధి జీవించు హక్కులో భాగమని పలికినది. తొలగింపులను ఆ తీర్పు పూర్తిగా నిషేధింపలేదు. కాని బీదవాడు కాలిబాటపై ఉండుట పని దగ్గరగా ఉండుటకేయని గుర్తించినది.

మన నగరమున నేడు గుర్తుంచుకొనవలసిన విషయమదియే. 2015లో సికింద్రాబాదు బోయిగూడలోని ఐ.డి.హెచ్. కాలనీలో, మునుపు నివసించిన చోటనే 396 కుటుంబములకు రెండు పడక గదుల ఇండ్లు కట్టియిచ్చిరి. వారి పని పోలేదు, పిల్లల బడి మారలేదు. 2023లో కొల్లూరున 15,660 గృహములు ప్రారంభింపబడినవి. అహ్మదుగూడ, రాంపల్లులలోను వేలకొలది లేచినవి. సంఖ్య ఘనమే, కట్టించినవారి శ్రమను మేము తక్కువ చేయము. కాని ఇవన్నియు నగరపు టంచులందున్నవి. తెల్లవారుజామున పనికి రావలసిన స్త్రీ రెండు బస్సులు మారవలసివచ్చిన, కుడిచేత నిచ్చిన యింటిని ఎడమచేత గైకొన్నట్లే. అట్టి కాలనీలలో కొన్ని యిండ్లు తాళములతో పడియుండుటయు వార్తలకెక్కినది.

నగరములోపల స్థలము లేదందురు. 2023 ఆగష్టున కోకాపేటలో ప్రభుత్వ భూమి వేలమున ఎకరము నూరు కోట్లకు పైగా పలికినది. ప్రజల భూమి ప్రజల పేరిట అమ్ముడుపోవునపుడు, అందు కొంత భాగమును ముందే శ్రామికుల గృహములకై విడిచిపెట్టుట అసాధ్యమా? అమ్మిన సొమ్ములో కొంతను నగరములోపలి పాత పేటల పునర్నిర్మాణమునకు ప్రత్యేకింపరాదా? అందరికిని సొంత యిల్లు ఈయజాలనిచో, తక్కువ అద్దె గల పురపాలక గృహములనైన కట్టింపవలెను; కట్టిన పిమ్మట లిఫ్టులును మురుగు కాలువలును చెడకుండ చూడవలెను.

పన్ను చెల్లించు పౌరులారా! మీ పన్ను లెక్క తప్పక యడుగుడు. ఎన్ని యిండ్లు కట్టిరని మాత్రమే గాక, ఎక్కడ కట్టిరి, అందు ఎందరు కాపురముందురు అనియు అడుగుడు. ఓట్ల కొరకు మీ వాకిటికి వచ్చు ప్రతి అభ్యర్థియు దీనికి సమాధానము చెప్పవలెను. మీ వీధి నూడ్చు మనిషికి మీ వీధికి చేరువలో ఒక గూడు కల్పింపలేని నగరము ఎంత ఎత్తైన మేడలు కట్టినను పురమనిపించుకొనదు.